ఎండకు విరిగే విషం - చెరువులో చల్లే మందు కాదు

ఐనవిల్లి: ధవళేశ్వరం నుంచి మధ్య డెల్టా కాలువల్లో దిగే గోదావరి నీరే మన మండలంలో వరికీ, కొబ్బరికీ, చేపల చెరువుకూ ఆధారం. పైన ఎవరు ఏం కలిపినా చివరికి చేరేది కింది రైతు చేలోకే. ఫ్యాక్టరీ మురుగును ఎండతో శుభ్రం చేసే ‘నానో’ పద్ధతి ఏం చేయగలదో, ఏం చేయలేదో రైతు సోదరులు తెలుసుకోవాలి.

ఏమిటీ పొడి?

ఇళ్లకు వేసే తెల్ల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడే ఇది. సముద్ర తీరపు నల్ల ఇసుకలో దొరికే ఇల్మెనైట్ నుంచి తీస్తారు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. పదుల నానోమీటర్ల రేణువులుగా చేస్తే పని వేగం పెరుగుతుంది. దిమ్మ బెల్లం కన్నా పొడి బెల్లం త్వరగా కరగదూ, అలాగన్నమాట.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఈ రేణువులు నీటి నుంచి, ఆక్సిజన్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన కణాలను పుట్టిస్తాయి. బాక్టీరియాకు ఓ పట్టాన లొంగని బట్టల రంగులు, పురుగు మందులను ఇవి ముక్కలు చేస్తాయి. పని పూర్తయితే మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీరు, కొద్దిగా లవణాలు. పొడి మాత్రం ఖర్చు కాదు, మళ్లీ వాడొచ్చు.

జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో ఈ పదార్థంతో వెలుతురులో నీటిని విడగొట్టి చూపారు. హైదరాబాదులోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఐసోప్రొట్యురాన్ అనే కలుపు మందును ఎండలో ఇలాగే విరిచి, 2008లో ఫలితాలు ప్రచురించారు. పొడిని జియోలైటు రకం ఖనిజానికి పట్టించి వాడారు. జియోలైటు మన చెరువు రైతులకు తెలిసిందే.

ఏం చేయలేదు?

* ఎండలో పనికొచ్చే కిరణాలు నూటికి నాలుగైదు వంతులే. వరద నాటి ఎర్ర నీటిలోకి అవి దిగవు.
* ఉప్పును, సీసం, కాడ్మియం వంటి లోహాలను ఇది మాయం చేయలేదు.
* పని సగంలో ఆగితే మిగిలిన ముక్కలూ విషమే కావచ్చు.
* ఆ చురుకైన కణాలకు మంచీ చెడూ తెలియదు. చెరువులో చల్లితే రొయ్యకు మేతయ్యే ప్లాంక్టన్‌కూ దెబ్బే. ఎవరు అమ్మజూపినా కొనవద్దు.

కనుక దీని చోటు ఫ్యాక్టరీ గేటు లోపల, శుద్ధి తొట్టిలోనే. గేటు దాటాక ఏమవుతుందో పటాన్‌చెరు చెబుతుంది. అక్కడి కంపెనీల మురుగు నక్కవాగు పొడవునా పొలాలను పాడుచేస్తే 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో గానీ రాలేదు. భూమిలో ఇంకిన విషాన్ని ఏ పొడీ వెనక్కి తేలేదు.

కాలువ నీరు రంగు మారినా, వాసన వచ్చినా ముందు చేలోకి మడవ కట్టేయండి. తేదీ, వేళ రాసుకుని కాలుష్య నియంత్రణ మండలికి తెలపండి. మన వంతుగా స్ప్రేయరు ట్యాంకును కాలువలో కడగవద్దు. కడిగిన నీటిని మందు కొట్టిన చేలోనే చల్లేయాలి.