డేరాలో డ్రయ్యరా!

అప్పా జంక్షన్ దాటాక కాసేపటికే మర్రిచెట్ల నీడ మొదలవుతుంది. బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్, ఆ పైన చేవెళ్ల... వారాంతమైతే చాలు, నగరం నుంచి కార్లు ఇటే. తోటలో డేరా వేసుకుని, నెగడు చుట్టూ చేరి అంత్యాక్షరి పాడుకుంటే ఆ సరదాయే వేరు.

చిక్కంతా తెల్లారాకే. చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లాలని అమ్మ తొందర. ఫొటోలు దిగాలని అమ్మాయి హడావుడి. తలస్నానాలయ్యాయి, జుట్టు ఆరలేదు. బ్యాగులోంచి డ్రయ్యర్ బయటికొస్తుంది. మరి ప్లగ్గో?

'కారుంది కదా' అంటాడు తమ్ముడు. అక్కడే పప్పులో కాలేస్తాం. కారులో సిగరెట్ లైటర్ సాకెట్ ఇచ్చేది సాధారణంగా 12 వోల్టుల దగ్గర 10 నుంచి 15 ఆంపియర్లు. అంటే మహా అయితే 180 వాట్లు. డ్రయ్యరేమో 1,000 నుంచి 2,000 వాట్లు మింగుతుంది. పోనీ బ్యాటరీకే ఇన్వర్టర్ తగిలిస్తే? 1,200 వాట్ల డ్రయ్యర్ 100 ఆంపియర్లకు పైనే లాగేస్తుంది. జుట్టు ఆరుతుందేమో కానీ, తర్వాత కారు కదలకపోవచ్చు.

ఇప్పుడు పోర్టబుల్ పవర్ స్టేషన్లు దొరుకుతున్నాయి. కొనేముందు రెండు అంకెలు చూడాలి. వాట్ అవర్లంటే కుండలో నీళ్లు, వాట్లంటే దాని మూతి. 500 వాట్ అవర్ల పెట్టె అయినా, ఒక్కసారికి 300 వాట్లే ఇవ్వగలిగితే డ్రయ్యర్ పెట్టగానే చేతులెత్తేస్తుంది. పెద్ద మూతి ఉన్నదైనా 1,200 వాట్ల డ్రయ్యర్‌తో ఇరవై నిమిషాల్లో ఖాళీ. ఆ రాత్రికి లైటూ ఉండదు, ఫోనూ ఉండదు. తోటలో ఎవరికైనా జ్వరమో, పురుగు కాటో అయితే అప్పుడు తెలుస్తుంది ఆ ఇరవై నిమిషాల విలువ.

స్ట్రెయిటనర్ కాస్త నయం. వేడెక్కేటప్పుడు ఎక్కువ తీసుకున్నా తర్వాత తగ్గిపోతుంది. చాలావాటికి పావుగంటకు ఇరవై వాట్ అవర్లు చాలు. అలాగని ఫోన్ పవర్‌బ్యాంకుకు తగిలిస్తానంటే కుదరదు, దాని యూఎస్‌బీ పోర్టు మామూలు స్ట్రెయిటనర్‌ను నడపలేదు. అమెరికా నుంచి పిన్ని తెచ్చిన ముచ్చటైన స్ట్రెయిటనర్ అయితే ముందు దాని మీద రాసింది చదవాలి. '120 వోల్టులు' అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు మాడిపోవడం ఖాయం.

ఏది వాడినా డేరా బయటే. రెండొందల డిగ్రీలకు పైన కాలే పలక నైలాన్ గుడ్డకు తగిలితే చిల్లే. పెట్రోలు జనరేటరైతే మరీ జాగ్రత్త. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. డేరాకు దూరంగా, గాలివాటు చూసి పెట్టాలి.

నానమ్మల కాలంలో తలంటి పోసుకున్నాక జుట్టును సాంబ్రాణి పొగకు ఆరబెట్టేవారు. ఆ నిప్పులూ ఆరుబయటే మేలు. అలల జుట్టు కావాలనుకునే అమ్మాయిలకైతే ఇంకా తేలిక. రాత్రి జుట్టు కాస్త తడిగా ఉండగానే నాలుగు జడలల్లుకుని పడుకుని, పొద్దున్నే విప్పుకోవడమే. బ్యాటరీ మొత్తం లైటుకే మిగులుతుంది.