కంఠములోని గడ్డ

కంఠము ముందుభాగమున, శ్వాసనాళమునకు ఇరువైపుల సీతాకోకచిలుక రెక్కలవలె అమరియున్న వినాళగ్రంథి థైరాయిడ్. దీని తూకము సుమారు 20 గ్రాములు. దేహమందలి వేడిమిని, గుండె వేగమును, పిల్లల ఎదుగుదలను అదుపులో నుంచుటలో దీని పాత్ర గొప్పది. దీని స్రావము హెచ్చినదో తగ్గినదో రక్తపరీక్ష తెలుపును. కాని ఈ గ్రంథిలో గడ్డ పుట్టినప్పుడు, అది ఎట్టిదో సాధారణముగా రక్తము చెప్పజాలదు. పెక్కు గడ్డలు నిరపాయకరములే. కొన్ని మాత్రము క్యాన్సరు.

ఈ భేదమును తేల్చువాడు పెథాలజిస్టు. రోగి అతనిని చూచుట అరుదు. మొదట సన్నని సూదితో గడ్డనుండి తీసిన కణములను గాజుపలకపై పరచి, సూక్ష్మదర్శినితో పరీక్షించును. పాపిల్లరీ అను తరగతి క్యాన్సరును కణకేంద్రముల రూపమును బట్టి తరచుగా ఇచ్చటనే గుర్తింపవచ్చును. ఫాలిక్యులర్ అను తరగతి అట్లు కాదు. అందు నిరపాయమైన గడ్డలోను, క్యాన్సరులోను కణములు ఒకే తీరున నుండును. అవి గడ్డను చుట్టిన పొరనుగాని, రక్తనాళములనుగాని చొచ్చుకొని పోయినవా లేదా అనునదే తేడా.

అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రము చెరువునుండి కడివెడు నీరు తెచ్చి చూచినచో, కట్టకు గండి పడినదో లేదో తెలియునా? కట్ట వెంట నడచి చూడవలసినదే. అట్లే గడ్డను శస్త్రచికిత్సచే తొలగించి, ఫార్మలినులో నిలువజేసి, మైనములో పొదిగి, మిల్లిమీటరులో 200వ వంతు మందమున కోసి, రంగులద్ది, దాని అంచుల వెంట వెదుకుదురు. ఇందుకు కొన్ని దినములు పట్టును.

తీసిన గ్రంథిని పరీక్షించుట వలన క్రొత్త వ్యాధియే తెలిసివచ్చిన సందర్భము కలదు. 1912లో జపాను వైద్యుడు హషిమోటో, నలుగురు స్త్రీలనుండి తొలగించిన గ్రంథులను పరిశీలించి, తెల్ల రక్తకణములు థైరాయిడ్‌ను ఆక్రమించు వ్యాధిని వర్ణించెను. నేటికిని అది ఆయన పేరుననే వ్యవహరింపబడుచున్నది.

అనంతపురమున 2000లో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడినది. అయినను రాయదుర్గము, కళ్యాణదుర్గము ప్రాంతముల పల్లెవాసులకు, వానలు కరవైన సీమలో ఒకనాటి కూలి వదలుకొని మరల పట్టణమునకు వచ్చుట కష్టమే. కుట్లు విప్పగానే జబ్బు తీరినదని తలచుటయు సహజమే. కాని నివేదికలో క్యాన్సరు అని తేలినచో, మిగిలిన గ్రంథిని తొలగించుటగాని, రేడియో అయోడిన్ చికిత్సగాని అవసరము కావచ్చును. సకాలమున చేసినచో చాలమందికి నయమగును.

కావున మీ ఇంట నెవరికైనను ఇట్టి శస్త్రచికిత్స జరిగినచో, తీసిన గడ్డను పరీక్షకు పంపిరా, నివేదిక ఏనాటికి వచ్చునని తప్పక అడుగుడు. ఆ కాగితమును వైద్యునికి చూపువరకు చికిత్స ముగిసినట్లు కాదు.