పాత సాంచె, జాబరు చెవి

భివండీలో కాపురమున్న మనవారికి సాంచె సంగతి చెప్పబూనడం హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయడమే అవుతుంది. అయినా పూనుకొన్నాము. మరమగ్గం మీద బట్ట నేయగలవారు మనలో వేలమంది వున్నారు గాని, అది మొరాయించినప్పుడు దాని కడుపులో ఏమి నొచ్చిందో చెప్పగలవారు తక్కువ. పైగా నేతగాని కూలి మీటర్ల లెక్కన గాని గంటల లెక్కన కాదు. మరమ్మతు చేయించే అధికారం ఒకరిది. ఆగిన గంటకు కూలి పోగొట్టుకొనేది మరొకరు. ఈ చిక్కును గురించే ఈ నాలుగు మాటలు.

మన వూళ్లోని సాంచెలలో చాలా భాగం కొత్తగా కొన్నవి కావు. బొంబాయి మిల్లులు పాతబడినవని తీసివేసిన మగ్గాలను తుక్కు ధరకు కొని, విరిగినవి మార్చి, ఇక్కడి షెడ్లలో బిగించారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మిల్లు కార్మికుల సమ్మె మొదలై, మిల్లులు ఎన్నో మళ్లీ తలయెత్తలేక పోయిన తరువాత ఆ నేతపని మరింతగా భివండీ వైపు మళ్లింది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి వచ్చి పద్మనగరులో స్థిరపడిన మన పద్మశాలీలకు ఈ చరిత్ర వేరే చెప్పనక్కర లేదు. చెప్పవలసినది ఒక్కటే: మిల్లులో పనికిరాదన్న యంత్రం ఇక్కడ మరి కొన్ని దశాబ్దాలు బట్ట నేసిందంటే, ఆ ఘనత ఇనుముది కాదు, దానిని రోజూ చూచుకొన్నవారిది.

సాంచె కట్టడి పైకి గజిబిజిగా కనిపించినా లోపల సులువైనదే. 1733లో జాన్ కే కనిపెట్టిన ఎగిరే నాడెను, 1785లో కార్ట్‌రైట్ అనే మతబోధకుడు పేటెంటు పొందిన మరమగ్గపు ఊహను కలిపి తరువాతివారు దిద్దినదే ఇది. పైనున్న క్రాంకు ఇరుసు ఒక చుట్టు తిరిగితే నాడె ఒకసారి పోతుంది, పన్నె ఒకసారి పేకను కొడుతుంది. కింది ఇరుసు అందులో సగం వేగంతో తిరుగుతుంది; అది ఒక చుట్టు తిరిగే లోపల నాడె కుడి నుండి ఎడమకు, ఎడమ నుండి కుడికి పోయి రావాలి. 

ఈ ఒక్క లెక్క తెలిసినవాడు సగం జాబరు అయినట్లే. ఎందుకంటారా? ప్రతి దెబ్బకూ ఒక చప్పుడు అదనంగా వినిపిస్తే దోషం పై ఇరుసు వైపు వెదకాలి. రెండు దెబ్బలకు ఒకసారి వినిపిస్తే కింది ఇరుసులో గాని, ఏదో ఒక పక్క నాడెను విసిరే సరంజామాలో గాని వున్నదన్న మాట. కొత్త కుర్రవాడు పానా పట్టుకొని కనిపించిన మరనల్లా బిగిస్తుంటే, "ముందు విను తమ్మీ, తర్వాత తిప్పుదువు" అని పెద్ద జాబర్లు గదమాయించేది ఇందుకే.

అన్నిటికంటె ప్రమాదమైనది నాడె ఎగిరిపోవడం. మూడు నాలుగు వందల గ్రాముల చెక్క, రెండు కొసలా ఉక్కు మొనలు. అది దారి తప్పితే ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేము. ఇది విధి వ్రాత అనుకొనేవారున్నారు. మేము ఒప్పుకోము. నాడె వూరికే ఎగరదు. పికరులో నాడె మొన తాకే గుంట అరిగి పక్కకు జరిగి వుంటుంది. లేదా నాడె పెట్టె వెనక గోడ, పన్నె ఒకే వరుసలో లేకుండా పోయి వుంటాయి. లేదా తెగిన పడుగు పోగు పక్క పోగులకు చుట్టుకొని, విచ్చుకొన్న పడుగులో నాడె దారికి అడ్డుపడి వుంటుంది. ఒక పొడుగాటి ఉక్కు బద్దను పన్నెకూ పెట్టె గోడకూ ఆనించి చూస్తే వరుస తప్పినదీ లేనిదీ రెండు నిమిషాలలో తేలుతుంది. నాడెకు అడ్డుగా బిగించే కమ్మీని, అతుకులు వేసేటప్పుడు చేతికి అడ్డమని కొందరు విప్పి మూల పెడతారు. దానిని తిరిగి బిగించమని సేటును అడగడానికి మొగమాటం వద్దు.

నాడె పెట్టెలోకి వచ్చి ఆగే తీరు కూడ గమనించాలి. దానిని అదిమి ఆపే చెక్క బిగువు ఎక్కువైతే మరుసటి దెబ్బకు నాడె బద్ధకంగా పోతుంది. బిగువు తక్కువైతే పెట్టెలో తగిలి వెనక్కి తుళ్లుతుంది, కండె మీది నూలు జారుతుంది. అప్పుడు చాలామంది చేసే పని విసురు పెంచడం. దెబ్బ గట్టిదైన కొద్దీ పికరు త్వరగా పగులుతుంది, పట్టాలు తెగుతాయి, కరెంటు ఎక్కువ తింటుంది. వెనకటికి గేదె తోలు పికర్లను వాడకముందు నెలల తరబడి నూనెలో నానబెట్టేవారు. ఇప్పటి ప్లాస్టిక్ పికర్లకు ఆ సేవ అక్కరలేదు గాని, అరిగినది గుర్తించి మార్చే కన్ను మాత్రం కావాలి.

ఇక నూనె. ముందు దూది తుడిచి తరువాత నూనె వేయాలన్నది అందరికీ తెలుసు, పాటించేవారు కొందరు. దూది మీద నూనె పడితే అది ముద్దకట్టి నూనెను ఇరుసుకు చేరనివ్వదు; నిప్పురవ్వ తగిలితే చప్పున అంటుకొంటుంది కూడ. ఎక్కువ పోసినందువల్ల లాభం లేదు. పొంగినది బట్ట మీద మరక అవుతుంది. మరకకు కోత పడేది నేతగాని కూలిలోనే. కొంకణపు వానాకాలంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. చెమ్మకు పన్నె తీగలు తుప్పు పడతాయి, ఆ తుప్పు పడుగును కోస్తుంది. తోలు పట్టాలు సాగి జారతాయి.

ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 150 దెబ్బలు, అంగుళానికి 50 పేక పోగులు అనుకొంటే నిమిషానికి 3 అంగుళాల బట్ట, గంటకు 5 గజాలు. పది నిమిషాలు ఆగితే ముప్పావు మీటరుకు పైగా పోయినట్లే. నాలుగేసి, ఆరేసి సాంచెలు చూచే మనిషి ఒకదాని దగ్గర కూర్చొంటే మిగతావి అతని కోసం ఆగవు. పేక తెగినా వట్టిగా ఆడుతూనే వుంటాయి. తెగగానే ఆపవలసిన ఫోర్కును పాడైనప్పుడు బాగుచేయించక తీసి పారవేసిన సాంచెలు లేకపోలేదు. ఈ లోటు తీర్చడానికే, పోగు తెగితే తానే ఆగే సాధనాలను పాత సాంచెలకు అమర్చుకొనేవారికి కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ యిచ్చింది. ఆ ఏర్పాటుతో కూడిన పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని 2017 ఏప్రిల్ 1న భివండీలోనే ప్రారంభించారు కూడ. నాడె లేని కొత్త మగ్గాల ముందు పాతవి ఎంతకాలం నిలుస్తాయన్నది వేరే చర్చ. నిలిచినంతకాలం వాటి కింద మనిషి నలగకూడదు.

నలిగే వాటిలో చెవి మొదటిది. షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్లు దాటడం మామూలు. ఏండ్ల తరబడి అందులో వుంటే వినికిడి తగ్గుతుంది, తగ్గినది తిరిగి రాదు. ఏ చెవితో జాబరు సాంచె రోగం కనిపెడతాడో ఆ చెవినే సాంచె తినివేస్తుంది. చెవి చెడినవారు చట్రం మీద అరచేయి ఆనించి అదురును బట్టి పోల్చుకోవడం కద్దు. పది ఇరవై రూపాయల చెవి బిరడాలు పెట్టుకొంటే సాంచె చప్పుడు వినపడకుండా పోదు, తగ్గి వినిపిస్తుంది. మన అమ్మలు, అక్కలు ఈ విషయంలో ఇంటి మగవారిని కాస్త సతాయించాలని మా మనవి.

దసరాకు, ఎండాకాలపు సెలవులకు షెడ్లు మూసి స్వగ్రామాలకు పోయేవారు ఒక గంట ముందుగా పని ఆపండి. దూది తుడిచి, పన్నెకు పలుచగా నూనె గుడ్డ తాకించి, అచ్చులను రెండూ సమమట్టానికి తెచ్చి పడుగు బిగువు వదలండి. బిగువున వున్న పడుగు వారాల తరబడి సాగి, తిరిగి వచ్చిన నాడు పోగులు తెగుతూ విసిగిస్తుంది. మెయిన్ స్విచ్చి తీయడం మరవకండి. వచ్చిన రోజున పూజ చేసి, నూనె వేసి, మోటారు వేయకముందే చక్రాన్ని చేత్తో నిదానంగా రెండు చుట్లు తిప్పి చూడండి. నాడె కుడి పెట్టె దెబ్బ ఒకటి, ఎడమ పెట్టె దెబ్బ ఒకటి, రెండూ ఆ రెండు చుట్లలో వస్తాయి. ఎక్కడైనా చేతికి బరువు తగిలితే అక్కడ ఆపి, జాబరును పిలవండి.