స్టీరింగు త్రిప్పునప్పుడు వినవచ్చు మూలుగు

మోటారు కారు నోరులేని యంత్రమే యైనను, తనలోని లోపమును ఏదో యొక ధ్వనిచే తెలుపక మానదు. ఇరుకు సందులో బండిని మలుపునప్పుడో, పాఠశాల వద్ద పిల్లలను దింపి వెనుకకు త్రిప్పుకొనునప్పుడో, స్టీరింగుతోపాటు “ఊఁ” యని సన్నని మూలుగు వినవచ్చుట పలువురకు అనుభవమే. రేడియో ధ్వనిని పెంచి దీనిని మఱచువారు కొందఱు. పెద్ద ఖర్చు తప్పదని బెదరువారు మఱికొందఱు. ఈ రెండును తగవు. ఈ మూలుగునకు కారణము తఱచుగా స్వల్పము. ఉపేక్షించినచో మాత్రము అది స్వల్పముగా నిలువదు.

పూర్వపు కార్లలో చక్రములను మలుపుటకు నడుపువాని భుజబలమే ఆధారము. అమెరికా దేశపు ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో నూనె ఒత్తిడిచే స్టీరింగును తేలికపఱచు సాధనమును ప్రదర్శించెను. 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారునందు ఇట్టి సాధనమును అమర్చి విక్రయించెను. దీని పద్ధతి సులభమైనది. ఇంజను ఒక బెల్టుచే చిన్న పంపును త్రిప్పును. ఆ పంపు డబ్బాలోని ఆయిలును పీల్చి, మిక్కిలి ఒత్తిడితో గొట్టముల మూలమున స్టీరింగు ర్యాకునకు పంపును. మనము ఏ వైపునకు త్రిప్పిన ఆ వైపునకు ఆయిలు ర్యాకును నెట్టును. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా వ్యాపించునని మన పిల్లలు చదువు పాస్కల్ సూత్రమే ఇచ్చట పనిచేయుచున్నది.

ఆయిలు ఒత్తిడికి అణగదు, గాలి అణగును. డబ్బాలో ఆయిలు తగ్గినచో పంపు ఆయిలుతోపాటు గాలిని గూడ పీల్చును. ఆ బుడగలు పంపులోని ఒత్తిడికి చితుకునప్పుడు కలుగు ధ్వనియే ఈ మూలుగు. స్టీరింగు త్రిప్పినపుడు పంపుపై భారము పెరుగును గనుక మూలుగును హెచ్చును. ఇంజను వేగమునుబట్టి దాని స్థాయియు మాఱును.

అయినను ప్రతి ధ్వనియు పంపుదే యని తలపరాదు. బండిని సమతలముపై నిలిపి, హాండ్ బ్రేకు వేసి, ఇంజను నడచుచుండగా స్టీరింగును మెల్లగా ఇరువైపులకు త్రిప్పి చూడవలెను. నిలిచియున్నపుడే మూలుగు వినవచ్చినచో పంపును, ఆయిలును అనుమానింపవచ్చును. బండి పోవునప్పుడు మాత్రమే వినబడి, దాని వేగముతో పెరుగు రొద యైనచో చక్రపు బేరింగునుగాని టైరునుగాని పరీక్షింపవలెను. కీచుమను ధ్వని వదులైన బెల్టుది. మలుపులో టకటకమనునది చక్రమును త్రిప్పు ఇరుసు జాయింటుది. స్టీరింగును కడవఱకు త్రిప్పినపుడు బుస్సుమను ధ్వని కొంత సహజమే. కాని అచ్చట ఐదు సెకండ్లకు మించి పట్టియుంచరాదు, ఆయిలు కాగి పంపు చెడును.

మొదటి చికిత్స డబ్బా మూత తీసి చూచుటయే. చల్లని ఇంజనునకు, వేడి ఇంజనునకు వేఱువేఱు గీతలుండుట గలదు. తగ్గినచో బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన ఆయిలునే పోయవలెను. బ్రేకు ఆయిలును ఎన్నడును పోయరాదు. అది రబ్బరు సీళ్లను పాడుచేయును.

అంతటితో పని తీఱలేదు. స్టీరింగు ఆయిలు పెట్రోలువలె ఖర్చగునది కాదు; తగ్గినదన్నచో ఎచ్చటనో కాఱినదనియే అర్థము. రాత్రి బండి క్రింద ఒక అట్టను పఱచి, ఉదయము తడి యెచ్చట పడినదో చూడుడు. గొట్టముల అతుకులు, పంపు ఇరుసు, ర్యాకు చివరల రబ్బరు తొడుగులు ముఖ్యముగా పరీక్షింపదగినవి. ఆయిలు నిండుగా ఉండియు నురుగు కట్టినచో, డబ్బానుండి పంపునకు పోవు గొట్టము పగిలియో, క్లాంపు వదులై యో ఉండవచ్చును. ఆ చోటున ఆయిలు బయటికి రాకయే గాలి లోపలికి పోగలదు. పంపు మార్చవలెనని ఎవరైన చెప్పినచో, ముందుగా ఈ గొట్టమును చూపుమని అడుగుట మంచిది.

లోపము సరిచేసిన పిదప లోని గాలిని వెడలింపవలెను. ముందు చక్రములను జాకీతో లేపి, గట్టి స్టాండ్లపై నిలిపి, ఇంజను ఆపియుంచి, స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు ఇరువది మార్లు త్రిప్పుచు, తగ్గిన ఆయిలును నింపుచుండవలెను. పిమ్మట ఇంజను నడిపి, బుడగలు మాయమగువఱకు మెల్లగా త్రిప్పవలెను. ఇది మెకానిక్కు చేత చేయించుట క్షేమము. అప్పటికిని మూలుగు పోనిచో డబ్బాలోని జల్లెడ మూసికొనియో, పంపు అరిగియో ఉండును. పంపు మార్చునప్పుడు పాత ఆయిలునంతయు తీసివేయింపవలెను. అందలి లోహపు రజను క్రొత్త పంపును గూడ తినివేయును.

నేటి చిన్న కార్లలో పెక్కింటికి ఈ ఆయిలే లేదు. 1988లో జపానునందు సుజుకి సెర్వోతో వచ్చిన విద్యుత్ స్టీరింగు పద్ధతియే వానిలో గలదు. అందు సన్నని మోటారు ధ్వని సహజము. ధ్వని హెచ్చినను, హెచ్చరిక దీపము వెలిగినను, దానిని విప్పబూనక షెడ్డునకు కొనిపోవలెను.

ఆయిలు పూర్తిగా కాఱిపోయినను చక్రములు తిరుగును; కాని స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కును. పిల్లలు గుమిగూడిన వీథిలో ఆ బరువు ఎంత అపాయకరమో చెప్పనక్కఱలేదు. కాఱిన ఆయిలు వేడి పొగగొట్టముపై పడి అంటుకొను భయమును గలదు. కావున మెకానిక్కు వద్దకు పోవునప్పుడు “స్టీరింగు బాగులేదు” అని మాత్రమే చెప్పక, ధ్వని నిలిచియున్నపుడా, పోవునప్పుడా, చల్లని ఇంజనులోనా, వేడెక్కిన పిదపనా, ఎన్ని దినములనుండి యను వివరములు చెప్పుడు. సరిగా చెప్పిన లక్షణము సగము చికిత్స. అనవసరపు ఖర్చును తప్పించునదియు అదియే.