డిజిటల్ కీ ఎవరి జేబులో ఉంది?

కోస్గి: పంచాయతీలకు వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఖర్చు చేయాలంటే ఇప్పుడు చెక్కు మీద సంతకం చాలదు. ఈ-గ్రామస్వరాజ్‌లో ‘డిజిటల్ కీ’ పెట్టాల్సిందే. వేలెడంత ఉండే ఈ టోకెన్‌ను నేరుగా కంప్యూటరుకు తగిలించవచ్చు. స్మార్ట్ కార్డుకైతే రీడరు వేరే కొనాలి. లోపలి చిప్పు చేసే పని రెండింటిలోనూ ఒకటే. ఒక్క కంప్యూటరుతో నడిచే పల్లె పంచాయతీకి టోకెనే మేలు. గుర్తింపు కార్డుతోనే తలుపులు తెరిచే పెద్ద ఆఫీసులకు కార్డు నప్పుతుంది.

అసలు చిక్కల్లా కీని, పిన్ నంబరును కలిపి కంప్యూటరు సెంటరు కుర్రాడి చేతిలో పెట్టడంతోనే. ఇది ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చినట్టే! 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షను ప్రకారం కీని భద్రపరచుకోవలసింది దాని సొంతదారే. అది పరుల పాలైందని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు తెలియజేసేదాకా బాధ్యత కూడా ఆయనదే. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఒక్కటే ఇస్తే సరిపోదు.