మొద్దులు చీల్చే మిషను కొందామా? ముందు కట్టెలు తూచండి!

సుబాబుల్ తోట కొట్టించారు. తిన్నటి కర్రలు కాగితం మిల్లుకు లోడు ఎత్తేశారు. ఇక గట్టు మీద మిగిలిందేమిటి? వంకర ముక్కలు, తొడ లావు మొదళ్లు, ముడులున్న మొద్దులు. ఏడాది పొడుగునా ఇంటి పొయ్యికి ఆధారం అవే. కానీ చీల్చే మనిషి దొరకడు. దొరికినా అడిగే కూలి వింటే గుండె గుభేలుమంటుంది. సరిగ్గా అప్పుడే ‘మొద్దులు చీల్చే మిషను ఉందట, అప్పో సొప్పో చేసి కొనేద్దామా?’ అనే ఆలోచన వస్తుంది.

నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల, చందర్లపాడు మెట్ట రైతులకు ఇది తెలిసిన బాధే. 2022లో కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం గానీ కట్టెల పొయ్యి మాత్రం మారలేదు. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో గ్యాసు పల్లెల్లోకి వచ్చింది. అయినా స్నానాల నీళ్లకు, ఎద్దులకు ఉలవలు ఉడకేయడానికి, పెళ్లికీ పేరంటానికీ కట్టెలే దిక్కు. మరి మిషను కొనాలా, గొడ్డలి చాలా? తొందరపడకుండా లెక్క చూసుకోండి.

మీ ఇంటికి ఎన్ని కట్టెలు?

వారం రోజులు పొయ్యిలోకి పోయే కట్టెలను కాటా వేయండి. రోజుకు 5 కిలోలు కాలుతున్నాయనుకుందాం. ఏడాదికి 1,825 కిలోలు, అంటే 18 క్వింటాళ్ల పైచిలుకు. ఇందులో మణికట్టు లావు కర్రలను చీల్చే పని లేదు. పత్తి కట్టె, మిరప కట్టె, కంది కంప సంగతీ అంతే. పత్తి కట్టెను మాత్రం ఇంటి దగ్గర నిల్వ ఉంచకుండా అన్నిటికంటే ముందు కాల్చేయండి. గులాబీ రంగు పురుగు అందులో దాక్కుని మళ్లీ పంట మీదికి వస్తుంది.

ఇలా సగం పోతే చీల్చవలసింది 9 క్వింటాళ్లు. ఒక పూట కొట్టి, ఎంత తెగిందో తూయండి. పూటకు క్వింటా తెగితే తొమ్మిది పూటల పని. తొమ్మిది పూటల పని కోసం మిగతా ఏడాదంతా కొట్టంలో తుప్పు పట్టే మిషను మీద అప్పు చేయడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. హోటళ్లకు కట్టెలు అమ్మేవారికీ, పదిళ్లవారు కలిసి కొనుక్కునే చోటా అయితే అది వేరే మాట.

కర్రను బట్టి దెబ్బ

సుబాబుల్ ముడి లేని చోట తిన్నగా విచ్చుకుంటుంది. సర్కారు తుమ్మను పచ్చిగా ఉండగానే చీల్చాలి. ఎండిందంటే రాయే. చింత మొద్దు జోలికి పోవద్దు. మాంసం దుకాణంలో చింత మొద్దే ఎందుకు వాడతారు? ఎన్ని దెబ్బలు పడ్డా పగలదు గనుక! చింత కొమ్మలు కాల్చుకుని, మొద్దును అమ్ముకోవడం మేలు. వేప, చింత లాంటి చెట్లు కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలన్నది మరవకండి.

ఏ కర్రనైనా ముందు అడుగు పొడవు ముక్కలుగా కోయించండి. పొట్టి ముక్క తేలిగ్గా చీలుతుంది. సుబాబుల్ మోడును మాత్రం వంటచెరకు కోసం పెకలించకండి. అది మళ్లీ చిగురించి తోట అవుతుంది.

గొడ్డలి, చీల, సమ్మెట

చాలామంది చెట్టు నరికే గొడ్డలితోనే మొద్దులు చీలుస్తారు. దాని అంచు పలచన. మొద్దులో దిగి ఇరుక్కుంటుంది గానీ చీల్చదు. చీల్చే గొడ్డలి బుగ్గలు ఉబ్బి, వెనక్కి పోనుపోను లావెక్కాలి. బరువు రెండున్నర కిలోలు ఉంటే దెబ్బకు ఊపు వస్తుంది. కామ మూడడుగులకు తగ్గకూడదు. దెబ్బ తప్పినప్పుడు పొట్టి కామ గొడ్డలి కాలి మీదికి వస్తుంది, పొడుగు కామది నేలలో దిగుతుంది.

ముడులున్న లావు మొద్దుకు గొడ్డలి చాలదు. రెండు ఇనుప చీలలు, నాలుగు కిలోల సమ్మెట కావాలి. లారీ కమాను పట్టీలు అతికించి కమ్మరి చేత చీలలు చేయించుకోవచ్చు. కాల్చి నీళ్లలో ముంచడం చీల అంచు వరకే చేయమనండి. తల గట్టిపడితే సమ్మెట దెబ్బకు పెచ్చులు లేచి కంట్లో పడతాయి. వాడగా వాడగా తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆకురాయితో అరగదీయించండి. చీలను మొద్దు నడిమధ్యన కాకుండా, అప్పటికే ఉన్న పగులులో దించండి.

పాత ట్రాక్టరు టైరులో మొద్దును నిలబెట్టి కొడితే చీలిన ముక్కలు చెదరవు, గొడ్డలి జారినా రబ్బరుకు తగులుతుంది. కాళ్లకు బూట్లు వేసుకోండి. పిల్లలను పది బారల దూరంలో ఉంచండి.

మిషనే కావాలంటే

మిషన్లు రెండు రకాలు. ఒకటి, గిరగిర తిరుగుతూ మొద్దులోకి దిగే మరమేకు. ధర తక్కువనిపించినా దీని దగ్గరకు పోవద్దు. తువ్వాలు, పంచె, చీర కొంగు ఏది చిక్కినా మనిషిని లాక్కుపోతుంది.

రెండోది హైడ్రాలిక్ మిషను. నూనె ఒత్తిడితో కదిలే రాడ్డు మొద్దును నెట్టి చీల మీదికి నొక్కుతుంది. అమ్మేవాడు ‘20 టన్నుల బలం’ అంటే నమ్మేయకండి. రెండు అంకెలు అడగండి: సిలిండరు లోపలి వ్యాసం, నూనె ఒత్తిడి. వ్యాసం 10 సెంటీమీటర్లయితే వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 175 కిలోలైతే రెంటినీ హెచ్చవేయండి. సుమారు 13.7 టన్నులు. అంతకు మించి ఆ సిలిండరు నొక్కలేదు.

వేగమూ చూడండి. పంపు నిమిషానికి 12 లీటర్లు పోస్తే అదే సిలిండరు రాడ్డు అర మీటరు కదలడానికి 20 సెకన్లు పడుతుంది. బలమూ వేగమూ రెండూ కావాలంటే మోటారు పెద్దది కావాలి. ఇంటి సర్వీసు అంత లోడు మోస్తుందో లేదో ముందే లైన్‌మన్‌ను అడగండి. పంపుసెట్టు సర్వీసుకు తగిలించారో, జరిమానా తప్పదు.

రెండు చేతులూ రెండు పిడుల మీద ఉంటేనే కదిలే మిషను ఎంచుకోండి. పిడి వదలగానే రాడ్డు ఆగాలి. మొద్దు పెట్టేదీ, పిడి నొక్కేదీ ఒక్కరే కావాలి. ఇద్దరు చేస్తే ఒకరి తొందరకు ఇంకొకరి వేళ్లు పోతాయి. డబ్బు కట్టే ముందు మీ మొద్దుల్లోనే ముడులున్నది ఒకటి తీసుకెళ్లి చీల్చి చూపించమనండి.

చీల్చాక అసలు పని

పచ్చి మొద్దు బరువులో సగం దాకా నీరే. దాన్ని పొయ్యిలో పెడితే మంట ఆ నీళ్లను ఆవిరి చేయడానికే సరిపోతుంది. అన్నం ఉడకదు, పొగ మాత్రం ఇంటి ఆడవాళ్ల కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే సంక్రాంతి వెళ్లగానే చీల్చండి. మన మెట్ట ఎండలకు తొలకరి లోపు ఎండిపోతాయి. రాళ్ల మీద, గాలి ఆడేలా పేర్చండి. చెద పట్టదు. ఒక ముక్క మీద బరువు రాసి ఉంచండి. పచ్చిగా 10 కిలోలు తూగింది 6, 7 కిలోలకు దిగి ఆగిపోతే ఎండినట్టే. దొంతర నుంచి కట్టె తీసేటప్పుడు ముందు కర్రతో కదపండి. తేళ్లూ పాములూ చేరేది అక్కడే.

ఒంటరి రైతుకు మంచి గొడ్డలి, రెండు చీలలు, ఒక సమ్మెట చాలు. మిషను పదిళ్ల సొత్తుగా వస్తేనే గిట్టుబాటు. అప్పు చేసే ముందు కాటా ఎక్కించవలసింది కట్టెలనే!