పాత మిల్లుకు ఏ ట్రాన్స్‌ఫార్మర్?

అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం మండలంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేతు మీద గిర్రున తిరుగుతుంటే కళాకారుడు దానికి లక్క కడ్డీ ఆనిస్తాడు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు రంగు పడుతుంది. ఒకప్పుడు చేత్తో తాడు లాగి తిప్పిన ఆ లేతుకు ఇప్పుడు చిన్న మోటారు ఉంటే చాలు, సింగిల్ ఫేజు కరెంటుతో పని జరిగిపోతుంది. 1933లోనే సహకార పద్ధతిలో చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు కూడా ఇదే. చెరకు పిప్పిని మండించి ఆవిరి, కరెంటు తామే తయారు చేసుకోవడం చక్కెర ఫ్యాక్టరీలకు అలవాటే. ఇబ్బందంతా ఈ రెంటికీ మధ్య ఉన్నవాళ్లది. మూతబడ్డ రైసు మిల్లునో, పాత గోదామునో తీసుకుని అందులో పెద్ద మోటార్లు దించేవాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ ఎంపిక దగ్గరే అసలు పరీక్ష మొదలవుతుంది.

ఈ యంత్రానికి బీజం 1831లో పడింది. మైకేల్ ఫారడే ఇనుప వలయానికి రెండు వైపులా తీగలు చుట్టాడు. ఒక చుట్టలో కరెంటు మారిన క్షణంలో రెండో చుట్టలోనూ కరెంటు పుట్టింది. మార్పు ఉంటేనే ఇది జరుగుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏసీ కరెంటే కావాలి. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు దీన్ని నిత్యం వాడుకోదగిన యంత్రంగా మలిచారు. 1891లో జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం త్రీఫేజ్ కరెంటు ప్రయాణించింది. 1955లో ఉత్పత్తి మొదలుపెట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు కొండలు దాటి విశాఖకు చేరింది కూడా ఈ విద్యతోనే.

మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 ఓల్టులను 433కు దించుతుంది. ఓల్టేజి దాదాపు 25 రెట్లు తగ్గితే ఆంపియర్లు అన్ని రెట్లు పెరుగుతాయి. అందుకే 100 కేవీఏ సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు పైవైపు 5 ఆంపియర్లు చాలు, కిందివైపు మాత్రం 133 దాకా ఇస్తుంది.

ఇక లెక్కలోకి దిగుదాం. షెడ్డులో 30, 15, 10, 5 హెచ్‌పీ మోటార్లు ఉన్నాయనుకోండి. మొత్తం 60 హెచ్‌పీ. మోటార్ల నష్టాలు, పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే 62 కేవీఏ వస్తుంది. 63 కేవీఏది కొంటే సరిపోయిందనిపిస్తుంది, కానీ ఆ లెక్క ఒక్కటే చాలదు. 30 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు తీసుకునేది 40 ఆంపియర్లే అయినా, నేరుగా స్విచ్ వేస్తే ఆ క్షణంలో దాదాపు ఆరు రెట్లు, అంటే 240 లాగుతుంది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా ఇవ్వగలిగింది 84. దాని ఇంపీడెన్స్, అంటే కరెంటుకు లోపల ఎదురయ్యే అడ్డు, నాలుగున్నర శాతం అనుకుంటే, ఆ కుదుపుకు ఓల్టేజి 13 శాతం దాకా పడిపోతుంది. బల్బులు మసకబారతాయి, పక్క మోటార్ల కాంటాక్టర్లు విడిపోయి అవి ఆగిపోవచ్చు. 100 కేవీఏ మీద అదే కుదుపు 8 శాతానికి తగ్గుతుంది. స్టార్-డెల్టా స్టార్టర్ పెడితే లైను నుంచి లాగే కరెంటు మూడో వంతుకు పడిపోతుంది. నన్నడిగితే, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మీద డబ్బు పోసే ముందు మంచి స్టార్టర్ మీద పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దదైతే, మోటార్లు ఆగి ఉన్నప్పుడు కూడా అది రాత్రింబవళ్లు తినే కరెంటు అంత ఎక్కువ.

పాత కట్టడంలో ఇంకో ప్రమాదం ఉంది. షార్ట్ సర్క్యూట్ అయితే 63 కేవీఏ నుంచి దాదాపు 1,900 ఆంపియర్లు, 100 కేవీఏ నుంచి 3,000 దాకా ప్రవహిస్తాయి. గోడకు ఎప్పుడో బిగించిన స్విచ్ బోర్డు, ఫ్యూజులు అంతటి దెబ్బకు తట్టుకుంటాయా అన్నది ముందే చూడాలి. నేల ఎంత బరువు మోయగలదో కూడా కనుక్కోవాలి. నూనె ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంటే ఆర్పడం కష్టం కాబట్టి దాన్ని బయట దిమ్మె మీదో, రెండు స్తంభాల మీదో పెట్టడం మంచిది. లోపలే పెట్టక తప్పకపోతే రెజిన్ పోసిన డ్రై టైప్ తీసుకోండి. ధర ఎక్కువైనా నూనె భయం ఉండదు, కానీ గాలి బాగా ఆడాలి. పాత మిల్లుతో పాటే పాత ట్రాన్స్‌ఫార్మర్ వస్తే నూనెలో పీసీబీలున్నాయేమో పరీక్ష చేయించకుండా మూత తీయకండి. ఆ విష రసాయనాలున్న పరికరాల వాడకాన్ని 2025 కల్లా నిలిపివేయాలన్నది స్టాక్‌హోం ఒప్పందం గడువు.

యంత్రాలు కొనేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. జపాన్ నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ యంత్రాలు చాలావరకు 200 ఓల్టులవి. ఓల్టేజి దించడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది గానీ, 60 హెర్ట్జ్ యంత్రానికి మన 50 హెర్ట్జ్‌ను అది మార్చి ఇవ్వలేదు. అడ్వాన్సు ఇచ్చే ముందే నేమ్‌ప్లేటు చదవండి.

షాపుకెళ్లి ఎన్ని కేవీఏ కావాలో చెప్పే ముందు, ప్రతి మోటారు హెచ్‌పీ, స్టార్టర్ రకం, ఏవేవి ఒకేసారి నడుస్తాయన్నది కాగితం మీద రాసుకోండి. లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌కు ఆ కాగితం చూపించి, కట్టడంలోని వైరింగ్, ఎర్తింగ్ తనిఖీ చేయించాకే ఆర్డరు పెట్టండి.